మొక్కలున్న చిన్న చేపల తొట్టిలో ఫిల్టర్ ధార ఎక్కువైతే: నీటిని ఆపకండి, వడిని విరవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ చేపల తొట్టి (అక్వేరియం) పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 25, ఎత్తు 30. మూలన నిలబెట్టిన పవర్ ఫిల్టర్ (నీటిలోనే ఉండి మోటారుతో నడిచేది) పెట్టె మీద గంటకు 500 లీటర్లు అని రాసి ఉంది. లోపల ఒక మగ ఫైటర్ చేప, ఎనిమిది చెర్రీ రొయ్యలు, వెనక వాలిస్నేరియా (పొడవాటి ఆకుల నీటి మొక్క), చెక్కకు కట్టిన జావా నాచు, ముందు వైపు కొత్తగా నాటిన పొట్టి గడ్డి ఉన్నాయి. ఫిల్టర్ పెట్టిన రెండో రోజు నుంచి ఫైటర్ చెక్క వెనక నుంచి బయటికి రావడం లేదు. గడ్డి కుదుళ్లు లేచి తేలుతున్నాయి. ఎదుటి అద్దం దగ్గర ఇసుకలో గుంట పడింది. దుకాణంలో అడిగితే ఫిల్టర్‌ను రోజుకు నాలుగు గంటలే వేయమన్నారు. మీ స్నేహితుడు ఫ్యాను రెగ్యులేటర్ పెట్టి వేగం తగ్గించమన్నారు.

దయచేసి ఈ రెండూ చేయకండి. ఎందుకో ముందు చెప్పి, తర్వాత అసలు పనిలోకి వస్తాను.

ఫిల్టర్ అంటే చెత్తను పట్టే జల్లెడ మాత్రమే కాదు. లోపలున్న స్పాంజి నిండా బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. ఆ పనికి దానికి ఆక్సిజన్ కావాలి, అది పారే నీటితోనే అందుతుంది. రోజుకు ఇరవై గంటలు ఫిల్టర్ ఆపితే స్పాంజి లోపలి నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది, బ్యాక్టీరియా కొంత చస్తుంది, పట్టుకున్న చెత్త అక్కడే కుళ్లుతుంది. మళ్లీ స్విచ్ వేయగానే ఆ మురుగంతా ఒక్కసారిగా తొట్టిలోకి వస్తుంది. పాతిక లీటర్ల నీటికి అది చిన్న విషయం కాదు. కరెంటు పోయి గంటో రెండు గంటలో ఆగితే కంగారు పడనక్కర్లేదు. రోజూ కావాలని ఆపడం మాత్రం వేరే సంగతి.

రెగ్యులేటర్ సంగతి నా అనుభవంతోనే చెబుతాను. పదిహేనేళ్ల కిందట నేనూ అదే తెలివి ప్రదర్శించాను. పాత ఫ్యాను రెగ్యులేటర్‌ను బోర్డుకు బిగించి, ఫిల్టర్ ప్లగ్గును దానికి కలిపాను. ఐదు నుంచి నాలుగుకు, మూడుకు తిప్పినా ధారలో తేడా కనిపించలేదు. రెండుకు తిప్పేసరికి మోటారు తుమ్మెదలా రొద మొదలుపెట్టింది. కొద్దిగా తగ్గిందిలే అనుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే ధార లేదు, రొద మాత్రం ఉంది, మోటారు ఒళ్లు చేతికి వేడిగా తగిలింది. గప్పీ చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచి ఉన్నాయి. కారణం తర్వాత తెలిసింది. ఈ చిన్న మోటార్లలో తిరిగేది ఒక అయస్కాంతపు కడ్డీ. అది కరెంటు తరంగంతో అడుగు కలిపి తిరుగుతుంది. మన దగ్గర కరెంటు సెకనుకు 50 ఆవృతులు కాబట్టి ఇలాంటి మోటారు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. వోల్టేజీ తగ్గిస్తే అది మెల్లగా తిరగదు. అదే వేగంతో తిరుగుతుంది, లేదా అడుగు తప్పి నిలబడిపోయి వేడెక్కుతుంది. సీలింగ్ ఫ్యాను స్వభావం వేరు, దీని స్వభావం వేరు.

ఇక అసలు విషయం. మీరు ఫిల్టర్ బలం ఎక్కువైందంటున్నారు. ఎక్కువైంది నీరు కాదు, ధార. ఈ రెండింటి తేడా పట్టుకుంటే మిగతాదంతా మీరే చేసుకోగలరు.

పొలంలో బోరు పైపు కింద ఏముంటుందో గుర్తు చేసుకోండి. నీళ్లు పడే చోట గోతి పడకుండా బండరాయి వేస్తారు, లేదా పైపు మూతికి గోనెసంచి కడతారు. బోరు నీటిని ఎవరూ తగ్గించుకోరు, నీరంతా కాలవలోకి పోవలసిందే. విరిచేది దాని దూకుడును మాత్రమే. మీ తొట్టిలో ఇసుక గుంట పడిన చోటు సరిగ్గా బండరాయి లేని బోరు పైపు కిందిలాంటిదే.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. అందుకు ముందు మీ ఫిల్టర్ నిజంగా ఎంత నీరు తోడుతోందో కొలవాలి. పెట్టె మీద అంకె సాధారణంగా లోపల స్పాంజి లేకుండా, ఎత్తు లేకుండా, కొత్త మోటారుతో వచ్చేది. ఫిల్టర్ మూతికి, అంటే నీరు బయటికి వచ్చే చోటికి, ఒక జానెడు గొట్టం తొడగండి. గొట్టం చివరను నీటిమట్టం దగ్గరే ఉంచి, గీతలున్న లీటరు మగ్గులోకి వదలండి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. గొట్టాన్ని పైకెత్తితే ధార తగ్గి కొలత తప్పుతుంది, అందుకే మట్టం దగ్గరే అన్నాను. మగ్గు 12 సెకన్లలో నిండిందనుకుందాం. 3600ను 12తో భాగిస్తే గంటకు 300 లీటర్లు. స్పాంజి కొంచెం మురికి పట్టిన 500 ఫిల్టర్‌కు ఇలాంటి అంకె వస్తే నేను ఆశ్చర్యపోను.

తొట్టిలో నీరెంత? 45, 25, 30 గుణిస్తే దాదాపు 34 లీటర్లు. అందులో ఐదు సెంటీమీటర్ల ఇసుక, పైన మూడు సెంటీమీటర్ల ఖాళీ తీసేస్తే 25 లీటర్లు మిగులుతుంది. చెక్కలు, రాళ్లు కొద్దిగా ఇంకా తగ్గిస్తాయి. అంటే మీ తొట్టి నీరంతా గంటకు 12 సార్లు ఫిల్టర్ గుండా పోతోంది. నిదానపు చేపలకు నాలుగు నుంచి ఆరు సార్లు చాలని, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టి మొక్కలు పెంచేవారికి పది దాకా ఉండాలని ఈ అభిరుచి ఉన్నవాళ్లు చెప్పుకుంటారు. అవి అనుభవపు లెక్కలే, శాసనాలు కావు. పన్నెండు సార్లు తిరుగుతున్నా చేప హాయిగా ఉన్న తొట్లు చూశాను. నాలుగే తిరుగుతున్నా చేప అలసిపోయిన తొట్లూ చూశాను. తేడా మూతి దగ్గర ఉంది.

గంటకు 300 లీటర్లంటే సెకనుకు 83 మిల్లీలీటర్లు. ఆ నీరు 12 మిల్లీమీటర్ల మూతిలోంచి వస్తే సెకనుకు 74 సెంటీమీటర్ల వడితో దూసుకొస్తుంది. మీ తొట్టి పొడవే 45. అదే 83 మిల్లీలీటర్లు తొట్టి అడ్డకోత మొత్తానికి సమంగా పరుచుకుంటే వడి సెకనుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే. నీరు అదే, మోటారు అదే. 74 సెంటీమీటర్లకూ ఒకటిన్నర మిల్లీమీటర్లకూ మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే మన పని.

ఈ రాత్రికే చేయగలిగింది: ప్లగ్గు తీయండి (నీటిలో చేయి పెట్టే ప్రతిసారీ తీయండి, తడి చేతికి మొహమాటం పనికిరాదు). మూతి తిరుగుతుందేమో చూడండి. చాలా పవర్ ఫిల్టర్లలో తలకాయ అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని తొట్టి మధ్యలోకి కాకుండా దగ్గరి మూలకు, వెనక అద్దానికి గురిపెట్టండి. ధార అద్దానికి తగిలి చెదిరి, సగం దూకుడు అక్కడే పోగొట్టుకుంటుంది. మూతి పక్కన సన్నని పుల్లలాంటి మీట ఉంటే అది వడి తగ్గించేదే, సగానికి తిప్పండి. దాన్ని గమనించకుండా ఏడాది గడిపినవాళ్లు నాకు తెలుసు. మూతి మీద గాలి పీల్చే చిన్న గొట్టం బిగించి ఉంటే, బుడగలతో వచ్చే ఆ రొద నీటి పైపొరను కుదిపేస్తుంది, అది తీసేసి రంధ్రానికి బిరడా పెట్టండి. ఇంతటితోనే మూడో వంతు సమస్య తీరవచ్చు.

మూతి వైపు కొంత మూసినా ఈ మోటార్లకు నష్టం లేదు, పూర్తిగా మాత్రం మూయకండి. నీరు పీల్చుకునే వైపు మూయడం అసలు కూడదు. పీల్చడానికి నీరందక మోటారు గరగరమంటుంది, లోపల తిరిగే రెక్క అరుగుతుంది. బయట పెట్టే కానిస్టర్ ఫిల్టర్ వాడేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. కుళాయి తగ్గించాలంటే తొట్టిలోకి వచ్చే గొట్టం మీదే, తొట్టి నుంచి పోయే దాని మీద కాదు.

రేపు చేయగలిగింది మూతికి స్పాంజి తొడగడం. బోరు పైపుకు గోనెసంచి అంటే ఇదే. నాలుగు సెంటీమీటర్ల మందం, ఆరు సెంటీమీటర్ల పొడవున్న ముతక రంధ్రాల స్పాంజి స్తంభానికి మధ్యలో బెజ్జం చేసి మూతికి ఎక్కిస్తే, నీరు దాని ఒంటి నిండా ఊరి బయటికి వస్తుంది. అంత పైభాగంలోంచి వచ్చే నీటి వడి సెకనుకు దాదాపు ఒక సెంటీమీటరే ఉంటుంది. ఫైటర్ దానికి ఆనుకుని నిద్రపోయినా ఆశ్చర్యం లేదు. కానీ ఇందులో ఒక చిక్కుంది. స్పాంజి లోపలి నుంచి మూసుకుపోతుంది, అది పైకి కనిపించదు. రెండు వారాలకు ధార చచ్చిపోయి, మోటారు పాడైందనుకుని మీరు దుకాణానికి పరుగెత్తుతారు. వారానికోసారి తీసి, నీళ్లు మార్చేటప్పుడు బయటికి తీసిన తొట్టి నీటిలోనే పిండండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా పోతుంది. వంటింటి స్పాంజి మాత్రం వాడకండి, వాటిలో కొన్నింటికి క్రిములను చంపే మందు పూసి ఉంటుంది. అక్వేరియం కోసం అమ్మే స్పాంజి ముక్కే తెచ్చుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చేది చిల్లుల గొట్టం. దుకాణాల్లో దీన్ని స్ప్రే బార్ అంటారు. కొన్ని ఫిల్టర్లతో ఒకటి వస్తుంది కూడా. అయితే దానితో వచ్చే గొట్టాన్ని గుడ్డిగా నమ్మకండి. ఒక్క లెక్క వేసి చూడండి. 12 మిల్లీమీటర్ల మూతి వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి 7 చదరపు మిల్లీమీటర్లు. అలాంటివి పన్నెండుంటే మొత్తం 85. అంటే మూతి కంటే దారి ఇరుకైంది, వడి తగ్గడానికి బదులు పెరిగింది. స్ప్రే బార్ పెట్టాక ధార ఇంకా ఘోరంగా ఉందని వాపోయేవారి కథ చాలా సార్లు ఇదే. చిల్లులన్నిటి మొత్తం వైశాల్యం మూతి వైశాల్యానికి కనీసం రెండింతలు ఉండాలి. 4 మిల్లీమీటర్ల చిల్లు 12.5 చదరపు మిల్లీమీటర్లు. అలాంటివి 18 వేస్తే 226 వస్తుంది. వడి సగానికి పడుతుంది. దానికి తోడు ఒక్క లావు ధార బదులు పద్దెనిమిది సన్నని ధారలు అవుతాయి. సన్నని ధార చుట్టుపక్కల నీటితో కలిసి త్వరగా అలసిపోతుంది. లావు ధార తొట్టి చివరి దాకా ఈడ్చుకుపోతే ఇది జానెడు దూరంలోనే చల్లబడుతుంది.

చేసుకోవడం ఇలా. హార్డువేర్ దుకాణంలో ఫిల్టర్ మూతికి సరిపడే ప్లాస్టిక్ గొట్టం, ఒక వంపు, ఒక మూత తీసుకోండి. మీ తొట్టి వెనక అద్దానికి 40 సెంటీమీటర్ల ముక్క సరిపోతుంది. పెన్సిల్‌తో ఒకే గీత మీద రెండేసి సెంటీమీటర్లకు ఒక చుక్క చొప్పున పెట్టి, డ్రిల్లుతో 4 మిల్లీమీటర్ల చిల్లులు వేయండి. కాల్చిన మేకుతో కూడా పడతాయి కానీ అంచులు ఉబ్బి, ఒక్కో చిల్లు ఒక్కో దిక్కుకు చిమ్ముతుంది. లోపలి పొట్టును సన్నని గరుకు కాగితంతో తీసేయండి. జిగురు పూయకుండా బిగుతుగా నెట్టండి, తొట్టి లోపలే కాబట్టి కాస్త కారినా నష్టం లేదు, శుభ్రం చేయడానికి ఊడదీయడమూ తేలిక. గొట్టాన్ని నీటిమట్టానికి రెండు వేళ్ల కింద, చిల్లులు వెనక అద్దం వైపు, కొంచెం పైకి చూసేలా బిగించండి. నీరు అద్దానికి తగిలి, పైకెక్కి, పైపొర మీదుగా ముందు అద్దం దాకా మెల్లగా జారి, అక్కడి నుంచి కిందికి దిగి, అడుగున వెనక్కి వస్తుంది. తొట్టి అంతా ఒక నిదానపు చక్రంలా తిరుగుతుంది. అక్కడక్కడ చిల్లులు మరీ పెద్దవి చేస్తే ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ వస్తుంది. అప్పుడు ఒకటి రెండు చిల్లులను టేపుతో మూసి చూసుకోవచ్చు.

ఈ జవాబు చదివే వేరేవారి కోసం ఒక మాట. తొట్టి అంచుకు వేలాడే ఫిల్టర్ ఉన్నవారు స్ప్రే బార్ గొడవ లేకుండా ముందు నీటిమట్టం చూసుకోవాలి. ఫిల్టర్ నీరు జలపాతంలా దూకే పెదవికి, తొట్టి నీటికి మధ్య దూరం పెరిగేకొద్దీ దూకుడు పెరుగుతుంది. మే నెలలో వారం రోజుల్లో రెండు వేళ్ల నీరు ఆవిరైపోతుంది. మార్చిలో బాగున్న చేప మేలో గోడకు అంటుకుందంటే ఫిల్టర్ మారలేదు, మట్టం మారింది. నీరు నింపాక కూడా ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ల సీసాను నిలువుగా కోసి, ఆ వంపు ముక్కను పెదవి కింద దోనెలా అమర్చితే నీరు కిందికి దూకకుండా పక్కలకు చీలుతుంది. కోసిన అంచును మాత్రం కొవ్వొత్తి దగ్గర చూపి గుండ్రం చేయండి. నేను చేయలేదు. వారానికి ఫైటర్ తోక విసనకర్ర నుంచి చీపురైంది. తోక కుళ్లు అనుకుని ఉప్పు వేశాను, మందు వేశాను. చివరికి ఒకరోజు అది తోకను ఆ అంచు మీదుగా ఈడ్చుకుంటూ పోవడం కళ్లారా చూశాను.

మీ ఫైటర్ విషయానికి వద్దాం. థాయ్‌లాండ్ వరిమళ్లలో, గుంటల్లో, కదలని నీటిలో పుట్టి పెరిగే జాతి అది. మన కొర్రమీనుకు దూరపు చుట్టం. కొర్రమీను లాగే పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు. అడవి ఫైటర్‌కు రెక్కలు పొట్టిగా ఉంటాయి. మనం దుకాణంలో కొనే మగ చేపకు వంశాల తరబడి ఎంచి ఎంచి పెంచిన పట్టుపరికిణీ లాంటి తోక ఉంటుంది. పరికిణీ కట్టుకుని ఏరు దాటడమంటే ఎంత కష్టమో ఊహించుకోండి. అందుకే అది చెక్క వెనక నిలబడిపోయింది. రెక్కలు ముడుచుకుని ఉండటం, ఆకు మీద వాలి పడుకోవడం, పైకి గాలికి వచ్చేటప్పుడు అడ్డంగా కొట్టుకుపోవడం, మేత నోటిదాకా వచ్చి జారిపోవడం ఇవన్నీ ధార లక్షణాలే. జబ్బు అనుకుని మందులు పోయకండి. రెండు రోజులు ధార విరిచి చూడండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఫైటర్ హాయిగా ఉందంటే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్లు కాదు. అది పైనున్న గాలితో బతకగలదు. మీ రొయ్యలకు ఆ సౌకర్యం లేదు, వాటికి నీటిలో కరిగిన ఆక్సిజనే దిక్కు. 25 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర అది 7.6కు పడిపోతుంది. రాత్రి మొక్కలు కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటాయి. కాబట్టి ఎండాకాలంలో ధార తగ్గించాలని పైపొరను అద్దంలా నిశ్చలం చేయకండి. తెల్లవారుజామున ఒకసారి లైటు వేయకుండా టార్చితో చూడండి. రొయ్యలన్నీ గట్టు ఎక్కేవాళ్లలా మొక్కల కొనలకు, నీటి అంచుకు చేరి ఉంటే పైపొర కదలిక చాలడం లేదు. చిల్లుల గొట్టాన్ని ఇంకాస్త పైకి తిప్పి సన్నని అలలు కనిపించేలా చేయండి.

నీటిని కదిపితే కార్బన్ డయాక్సైడ్ పోయి మొక్కలు ఎండిపోతాయని మీకు ఎవరో చెప్పారట. అది సిలిండర్ పెట్టి గ్యాసు వదిలేవారికి వర్తిస్తుంది. మీకు సిలిండర్ లేదు. మీలాంటి తొట్టిలో లైటు వెలుగుతున్నప్పుడు మొక్కలు నీటిలోని గ్యాసును లాగేస్తాయి, పైపొర కదిలితే గాలిలోంచి కొత్తది కరుగుతుంది. అంటే సన్నని అలలు మీ మొక్కలకు మేలే. అంతేకాదు, ఆకు చుట్టూ నీరు బొత్తిగా కదలకపోతే ఆకుకు ఆనుకుని ఒక నిలవ నీటి పొర ఏర్పడుతుంది. ఎరువు వేసినా అది ఆకుదాకా చేరదు. వాలిస్నేరియా కొనలు గాలికి వరిచేను ఊగినట్లు నెమ్మదిగా ఊగాలి. ఒకే పక్కకు వంగి నిలబడితే ధార ఎక్కువ, చిత్రపటంలా ఉంటే తక్కువ.

తక్కువైతే తెలిసే గుర్తులు ఇంకా ఉన్నాయి. పైన నూనె తెట్టులాంటి పొర, ఆకుల మీద దుమ్ము, ఒక మూలన దుప్పటిలా పరుచుకుని వాసన వేసే నీలిపచ్చని నాచు. ఇవి కనిపిస్తే మరీ ఎక్కువగా విరిచేశారని అర్థం.

గడ్డి గురించి. ధార ఎంత సరిచేసినా, వేళ్లు పట్టని గడ్డి రొయ్య పాకినా లేస్తుంది. పెద్ద కుదురుగా నాటకండి. నాలుగైదు పోచల చిన్న కుదుళ్లుగా విడదీసి, పొడవాటి పట్టకారుతో ఏటవాలుగా గుచ్చి, కొసలు మాత్రమే పైకి కనిపించేలా ఇసుకలోకి దించండి. రెండు మూడు వారాలు ఆ వైపు ధార తగలకూడదు. గుంట పడిన చోట చదునైన రాయి ఒకటి పెట్టండి, బోరు కింద బండలాగే పనిచేస్తుంది. జావా నాచు కట్టిన మీ చెక్కను మూతికి ఎదురుగా జరిపితే అదీ అడ్డుగోడ అవుతుంది. నాచుకు ఆ వడి ఇష్టమే.

రొయ్యలు పిల్లలు పెడితే మీ పవర్ ఫిల్టర్ అడుగున ఉన్న చీలికల గుండా అవి లోపలికి పోతాయి. అక్కడ సన్న రంధ్రాల స్పాంజి తొడుగు వేయాలి. దీనివల్ల ధార కూడా కొద్దిగా తగ్గుతుంది, కానీ దీన్ని ధార తగ్గించే సాధనంగా వాడకండి. పీల్చే వైపు మూయడం గురించి పైన చెప్పిందే ఇక్కడా. ఇది మురికి పట్టగానే మోటారు ఆకలితో మూలుగుతుంది. వారానికి ఒకసారి పిండండి.

ఇదంతా చెప్పాక నా సొంత అభిప్రాయం కూడా చెప్పాలి. పాతిక లీటర్లకు, ఒక ఫైటర్‌కు, పిడికెడు రొయ్యలకు నేనైతే పవర్ ఫిల్టరే పెట్టను. చిన్న ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెడతాను. అంగడివారు పెద్ద ఫిల్టర్ ఎందుకు అంటగడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. స్పాంజి ఫిల్టర్‌లో పిల్లల్ని మింగే రెక్క ఉండదు, దూసుకొచ్చే ధార ఉండదు. బుడగలు ఎక్కువైతే గాలి గొట్టం మధ్యలో 'T' ఆకారపు జాయింటు ఒకటి బిగించి, అదనపు గాలిని బయటికి వదిలేయండి, గొట్టాన్ని నొక్కి పంపును ఉక్కిరిబిక్కిరి చేయడం కంటే అది మంచిది. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచండి, లేదా గాలి గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన రాత్రి తొట్టి నీరు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి మీ నేల మీదికి చేరుతుంది. మార్చాలనుకుంటే పాత ఫిల్టర్‌ను ఒక్కసారిగా తీయకండి. రెండూ కలిపి నెల రోజులు నడపండి. కొత్త స్పాంజికి బ్యాక్టీరియా పట్టాకే పాతది తీయాలి.

అన్నీ అమర్చాక పరీక్ష ఒకటే. మేత గుళికను వేళ్ల మధ్య పిండిలా నలిపి చిటికెడు నీటి మీద చల్లి, మోచేతులు బల్లకు ఆనించి చూడండి. రేణువులు ఎక్కడ పరుగెత్తుతున్నాయి, ఎక్కడ నడుస్తున్నాయి, ఎక్కడ అసలు కదలడం లేదు? అన్ని చోట్లా నడవాలి. ఒక మూల మాత్రం దాదాపు కదలకుండా ఉండాలి, అది ఫైటర్ గది. ఆ మూలన పైన నాలుగు అంతరతామర మొక్కలు వదిలి, అవి కొట్టుకుపోకుండా గాలి గొట్టాన్ని వలయంగా చుట్టి తేలేయండి.

మూల నిజంగా ప్రశాంతంగా ఉంటే, ఆరోగ్యంగా ఉన్న మగ చేప చాలా సార్లు ఆ ఆకుల కింద సబ్బు నురగలాంటి బుడగల గూడు కడుతుంది. దాన్ని చూసి మురికి అనుకుని తీసేసేవారున్నారు, మీరు తీయకండి. అలాగని గూడు చెదురుతుందని నీళ్లు మార్చడం మానకండి. ఎదుటి మూలన ఒక చిన్న గిన్నె పెట్టి, నీటిని ఆ గిన్నెలోకి సన్నగా పోయండి, అది పొంగి తొట్టిలోకి జారుతుంది. ముందు మగ్గు పెట్టి కొలిచి ఎన్ని సెకన్లు వచ్చిందో ఇక్కడ రాయండి, చిల్లుల లెక్క మీ ఫిల్టర్‌కు సరిపోయేలా వేసి చెబుతాను.